గోవా రిసార్ట్‌లో సీ వ్యూ రూమ్ ఇవ్వలేదు, తేడా డబ్బులు ఎలా రాబట్టాలి?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. క్రిస్మస్ సెలవుల్లో అమ్మానాన్నలతో గోవా వెళ్లాం. కలంగూట్ దగ్గర ఒక రిసార్ట్‌లో సీ వ్యూ రూమ్ యాప్‌లో బుక్ చేసి, డబ్బు మొత్తం ముందే కట్టాను. తీరా వెళ్లాక కార్ పార్కింగ్ వైపు రూమ్ ఇచ్చారు. అడిగితే "అన్నీ ఫుల్ సార్, ఇష్టం లేకపోతే క్యాన్సిల్ చేసుకోండి" అన్నారు. ఆ సీజన్‌లో, రాత్రిపూట, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఇంకో రూమ్ ఎక్కడ వెతుక్కుంటాం? నాన్నకు మోకాళ్ల నొప్పులు, ఇసుకలో నడవలేరు. గదిలో కూర్చునే సముద్రం చూస్తారని ఎక్కువ పెట్టి ఆ రూమ్ తీసుకున్నాం. నా బాధంతా అదే.

రూమ్ సర్వీస్ కుర్రాళ్లు మాత్రం చాలా మంచివాళ్లు. నాన్న కాపడానికి అడగకుండానే వేడినీళ్లు తెచ్చిచ్చేవారు. వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు.

ఇప్పుడు రిసార్ట్ వాళ్లు యాప్‌ని అడగమంటారు, యాప్ వాళ్లు రిసార్ట్‌ని అడగమంటారు. వోచర్, రూమ్ ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచాను. బిల్లులో సర్వీస్ ఛార్జ్ కూడా కలిపారు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (CCPA) 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు మనల్ని అడగకుండా అది కలపకూడదు కదా!

ముందు 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాను. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఇలా ఎవరైనా వేశారా? ఫిర్యాదు రిసార్ట్ మీద పెట్టాలా, యాప్ మీదా, ఇద్దరి మీదా? లాయర్ లేకుండా నెగ్గుకు రాగలమా? రూమ్ తేడాతో పాటు పరిహారం ఎంత అడిగితే సబబుగా ఉంటుంది? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.