బరోక్, క్లాసికల్, రొమాంటిక్: ఏది ముందు వినాలి?

కొత్తశ్రోత: పదేళ్లుగా కర్ణాటక సంగీతం వింటున్నాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం విందామంటే దాని మూడు కాలాలకు పెట్టిన బరోక్, క్లాసికల్, రొమాంటిక్ అన్న పేర్ల దగ్గరే ఆగిపోతున్నాను. చెవితో తేడా ఎలా పట్టాలి? ఏ వరుసలో వినాలి? మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. పియానో నేర్పించాలా, వయొలినా?

ఆల్టోగొంతు: వరుస సంగతి పక్కన పెట్టండి. నేను చర్చి గాయక బృందంలో ఆల్టో, అంటే ఆడవారి కింది స్థాయి గొంతు, పాడతాను. నాలుగు నెలల సాధన తరువాత బరోక్ స్వరకర్త హాండెల్ రాసిన ‘మెస్సయా’లోని హల్లెలూయా కోరస్ తప్పు లేకుండా పాడిన రోజున బరోక్ అంటే ఏమిటో తెలిసింది. ఒక గొంతు ఎత్తుకున్నదాన్ని మరో గొంతు అందుకుంటుంది. ఎవరి నడక వారిదే, చేరేది మాత్రం ఒకే చోటికి. అందరూ క్రిస్మస్‌కే పాడతారు గానీ, 1742లో డబ్లిన్‌లో దాన్ని మొదటిసారి వినిపించింది ఏప్రిల్ నెలలో.

మెట్లమీద: బరోక్ స్వరకర్త బాఖ్‌తో మొదలుపెట్టండి. 1722 నాటి ఆయన కీబోర్డు రచనల సంపుటి ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ మొదటి భాగం చాలు. 12 మేజర్ స్కేళ్లు, 12 మైనర్ స్కేళ్లు, ఒక్కోదానికి ఒక ప్రెల్యూడ్ (ముందుమాటలాంటి రచన), ఒక ఫ్యూగ్ (ఒక గొంతు ఎత్తుకున్న వరుసను మిగతా గొంతులు ఒక్కొక్కటిగా అందుకునే రచన). ఇప్పటి పియానోలో ఉన్న, స్థాయిని 12 సమాన భాగాలు చేసే సమాన శ్రుతి విభజన గొప్పతనాన్ని నిరూపించడానికే ఆయన ఇది రాశాడు.

శ్రుతికొలత: కాదండీ! ఈ మాట చదివీ చదివీ విసిగిపోయాను. 22 ఏళ్లుగా పియానోలకు శ్రుతి చేస్తున్నాను. ‘వెల్ టెంపర్డ్’ అని బాఖ్ చెప్పింది చక్కగా సర్దిన శ్రుతి గురించి, సమానంగా పంచిన శ్రుతి గురించి కాదు. అన్ని స్కేళ్లలోనూ వాయించడానికి వీలవుతూనే, ఒక్కో స్కేలుకు ఒక్కో రంగు మిగిలే పద్ధతులు ఆ రోజుల్లో ఉండేవి. ఆయన ఏది వాడాడో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మెట్లమీద: వారే తేల్చనప్పుడు నాది తప్పని మీరెలా తేలుస్తారు?

శ్రుతికొలత: ‘నిరూపించడానికే’ అని తేల్చింది మీరు. నా అభ్యంతరం ఆ మాట మీదే.

విజయనగరం_వయొలిన్: ఆ సమాన విభజన వల్లనే కీబోర్డు మీద శంకరాభరణం గాంధారం నా చెవికి గుచ్చుకుంటుంది. షడ్జానికి 5:4 నిష్పత్తిలో ఉండే గాంధారం 386 సెంట్ల (స్థాయికి 1200 సెంట్లు) దగ్గర పలుకుతుంది, కీబోర్డు గాంధారం 400 దగ్గర. తంబూరా పక్కన పెట్టుకుని వినండి. అలాగని ఆ సంగీతం మనకు పరాయిది కాదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో విన్న ఐరోపా బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నొట్టుస్వరాలు. ‘సంతతం పాహిమాం’ వరుస బ్రిటన్ రాజగీతానిదే. ఆయన తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు.

మూడోవరుస: ఎవరూ క్లాసికల్ కాలం ఊసే ఎత్తరేం? జర్మనీలో ఒక కచేరీలో సింఫొనీ (పెద్ద వాద్యబృందానికి రాసిన, కొన్ని భాగాలున్న రచన) మొదటి భాగం అయిపోగానే చప్పట్లు కొట్టాను. చుట్టూ ఉన్నవారు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. 1778లో పారిస్ శ్రోతలు తన సింఫొనీ నడుస్తుండగానే చప్పట్లు కొట్టారని క్లాసికల్ కాలపు స్వరకర్త మోట్జార్ట్ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. ఆ నిశ్శబ్ద నియమం తరువాత వచ్చింది.

మెట్లమీద: చప్పట్లు కాదు, బీథోవెన్ సంగతి చెప్పండి. ఆయన రొమాంటిక్.

మూడోవరుస: క్లాసికల్ కాలపు హైడన్‌ను వినకుండా ఆ మాట అనకండి. బీథోవెన్ మొదటి రెండు సింఫొనీల్లో హైడన్ కట్టడమే వినిపిస్తుంది. మూడోది, ‘ఎరోయికా’, ఆ కొలతలను దాటేసింది.

కొత్తశ్రోత: రాత్రి బాఖ్ మొదటి ఫ్యూగ్, సీ మేజర్‌ది, నాలుగుసార్లు విన్నాను. మూడో గొంతు ఎక్కడ అందుకుంటుందో దొరికింది. నాలుగోది దొరకలేదు. అమ్మాయి సంగతి ఎవరూ చెప్పలేదు.

శ్రుతికొలత: నాలుగోది బేస్, అన్నిటికన్నా కింది గొంతు. ఎడమ చేతి అట్టడుగున వెతకండి.

ఆల్టోగొంతు: అందులో ముందుగా ఎత్తుకునేది ఆల్టోనే! అమ్మాయిని ముందు పాడనివ్వండి, ఏ వాద్యం కావాలో తనే అడుగుతుంది.