మొజంజాహి మార్కెట్‌లో ఒక సాయంత్రం: తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్‌ను 2020లో పునరుద్ధరించాక నేను ఒక్కసారే చూశాను. గడియారపు గోపురం నీడలో నిలబడి, పండు గుజ్జు నాలుకకు తగిలే సీతాఫలం ఐస్‌క్రీం తింటూ, పక్క దుకాణంలోని అత్తరు పరిమళాన్ని ఆస్వాదించిన ఆ పది నిమిషాలు నాకింకా గుర్తున్నాయి. వచ్చే జనవరిలో నుమాయిష్ (ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్) చూడడానికి, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారితో కలిసి రాజమండ్రి నుంచి వస్తున్నాను. అప్పటికి సీతాఫలాల కాలం దాటిపోతుంది కనుక, ఆ నెలలో ఏ పండు ఐస్‌క్రీం తినాలి? మార్కెట్ ఆవరణలో ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం), దాస్తాన్‌గోయి (ఉర్దూలో కథలు చెప్పే కళ) వంటివి జరిగే రోజులు ముందుగా తెలుసుకునే మార్గమేమిటి? ఉర్దూ అంతగా రాని మేము కూర్చుని ఆనందించగలమా? గాంధీభవన్ మెట్రో స్టేషన్ నుంచి అమ్మగారు నడవగలరా, లేక ఆటో ఎక్కడమే మేలా? ముఖ్యంగా ఈ చివరి విషయం అనుభవమున్నవారు చెబితే ఎంతో కృతజ్ఞురాలిని.