స్టైన్‌బెక్ ‘ది రెడ్ పోనీ’: ఆయన జీవితం గురించి ఏం చదవాలి?

అందరికీ నమస్కారం. అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ నవలిక ‘ది రెడ్ పోనీ’ ఈమధ్యే చదివాను. పదేళ్ల జోడీకి వాళ్ల నాన్న ఎర్ర గుర్రప్పిల్లను ఇస్తాడు. వాన పడదని పాలేరు బిల్లీ బక్ భరోసా ఇచ్చిన రోజే అది తడిసి జబ్బు పడుతుంది. ఊపిరాడకపోతే బిల్లీ దాని గొంతుకు కత్తితో రంధ్రం పెడతాడు. ఆ పేజీలు నన్ను వదలడం లేదు. గుర్రాల గురించి ఈయనకు తెలియనిది లేదని పిల్లాడు నమ్మిన మనిషి కదా, అదే మరీ కలచివేసింది.

స్టైన్‌బెక్ 1902లో కాలిఫోర్నియాలోని సాలినాస్‌లో పుట్టారు. చిన్నప్పుడు ఆయనకూ ఒక గుర్రప్పిల్ల ఉండేదట. 1933లో, తల్లి మంచాన పడినప్పుడు ఆమెను చూసుకుంటూ ఈ కథలు రాశారు. ఆ రోజుల బాధ కథలోకి ఎలా వచ్చిందో బాగా చెప్పే జీవితచరిత్ర గానీ, ఆయన ఉత్తరాల సంపుటం గానీ ఎవరైనా సూచించగలరా?

ఇంకోటి. 1937 పుస్తకంలో మూడు భాగాలే ఉన్నాయి, జోడీ తాతగారి కథ నాలుగో భాగంగా 1945 ప్రచురణలో చేరింది. అది లేకపోతే నవలిక అసంపూర్తిగా ఉంటుందని నాకనిపిస్తోంది. మీరేమంటారు? తెలుగు అనువాదం ఎక్కడైనా దొరికితే దయచేసి చెప్పండి, మా అమ్మాయి చేత చదివించాలి.