సెక్రటరీకి అర్థం కాలేదని కవితను తిరగరాయాలా? టెడ్ కూసర్ పద్ధతిపై చర్చ

నదీతీరం: అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రానికి చెందిన కవి టెడ్ కూసర్ బీమా సంస్థలో ఉపాధ్యక్షుడి దాకా ఎదిగి 1999లో పదవీ విరమణ చేశారు. తెల్లవారుజామున రాసుకున్న కవితను ఆఫీసులో తన సెక్రటరీకి చూపించి, ఆమెకు అర్థం కాకపోతే తిరగరాసేవారు. దీనివల్ల ఆయన కవిత్వానికి మేలు జరిగిందా, చేటు జరిగిందా?

చలివేంద్రం: చేటే జరిగింది. హార్ట్‌ఫర్డ్‌లో వాలెస్ స్టీవెన్స్ కూడా బీమా సంస్థ ఉపాధ్యక్షుడే. ఆయన కవితల అర్థం కోసం పాఠకులు నేటికీ తడుముకుంటూనే ఉన్నారు. ఆ కవితల బలమంతా ఆ తడుములాటలోనే ఉంది.

నూతిగట్టు: కూసర్ గారు 2004లో అమెరికా ఆస్థాన కవి అయ్యారు. మరుసటి ఏడాది ‘డిలైట్స్ అండ్ షాడోస్’ సంపుటికి పులిట్జర్ బహుమతి వచ్చింది. బహుమతుల మాట అటుంచి, ‘వింటర్ మార్నింగ్ వాక్స్’ చదవండి. క్యాన్సర్ చికిత్స తర్వాత ఏడాదిపాటు ఎండ తగలకూడదని వైద్యులు చెప్పడంతో, ఆయన పొద్దు పొడవక ముందే రెండు మైళ్లు నడిచి వచ్చి, ఒక చిన్న కవిత రాసి, పోస్టుకార్డుకు అతికించి మిత్రుడు జిమ్ హారిసన్‌కు పంపేవారు. అలాంటివి నూరు కవితలున్నాయి. ప్రతిదాని పైనా తేదీ, ఆనాటి వాతావరణం ఉంటాయి. ఇంత సూటిగా రాయడం తేలికనుకుంటే పొరపాటు.

వానమబ్బు: ‘అమెరికన్ లైఫ్ ఇన్ పొయెట్రీ’ శీర్షికను 2005 నుంచి పత్రికలకు వారం వారం ఉచితంగా అందించింది కూడా ఈయనే.

చలివేంద్రం: నా ప్రశ్న సెక్రటరీ గురించే. బ్యాంకు కౌంటరులో ముప్పై ఏళ్లు పనిచేస్తూ కవితలు రాశాను. ‘మా పాఠకులకు అందదు’ అని ఒక సంపాదకుడు నా కవితను తిప్పి పంపారు. మూడు పాదాలు తీసేసి పంపితే అచ్చు వేశారు. అచ్చయిన ఆ కవిత నాదని ఈనాటికీ అనుకోలేకపోతున్నాను. టైపు కొట్టే ఉద్యోగినికి అందే మేరకు కవిత్వాన్ని కుదించడం కూడా అలాంటి కోతే.

నూతిగట్టు: ఆ మాట మీరు వెనక్కి తీసుకోవాలి. నేను ఇరవై ఆరేళ్లు స్టెనోగా పనిచేశాను. కవి అయిన మా అధికారి సంపుటి మొత్తం నా చేతుల మీదుగానే టైపయింది. ఒకచోట పాదం తడబడుతోందని చెప్పబోతే, ‘మీరు అక్షరదోషాలు చూడండి, చాలు’ అన్నారు. కూసర్ గారు తన సెక్రటరీని పాఠకురాలిగా చూసి, ఆమెకు అర్థం కాకపోతే లోపం తన కవితలో ఉందేమోనని వెతుక్కున్నారు. మీకు కష్టంగా తోస్తున్నది కవిత సరళం కావడమా, లేక దాన్ని తూచే అర్హత మా వంటివారికి ఉండడమా?

చలివేంద్రం: నొప్పించాను, క్షమించండి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక్క పాఠకురాలికి అందలేదన్నంత మాత్రాన కవి తన పాదాన్ని మార్చుకోవాలంటే నేను ఒప్పుకోలేను.

నూతిగట్టు: ఆయన తన కవితను తానే మార్చుకున్నారు, మీ చేత మరొకరు మార్పించారు. ఆ మూడు పాదాలు మీ దగ్గర ఇంకా ఉంటే ఇక్కడ పెట్టండి, చదువుతాను.