స్టెరాయిడ్ తగ్గిస్తే పాపకు ఏఎల్‌టీ పెరుగుతోంది

మాది అమలాపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్ల మా పాపకు ఆటోఇమ్యూన్ హెపటైటిస్. శరీరాన్ని కాపాడాల్సిన టి కణాలే కాలేయ కణాలపై దాడి చేస్తున్నాయట. హెపటైటిస్ వైరస్‌లు లేవు, సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్) మామూలే, ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) ఎక్కువ. బయాప్సీలోనూ అదే తేలింది. బరువు 24 కిలోలు.

రోజూ ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్) 10, అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) 25 మి.గ్రా. వేసినప్పుడు ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 38. ప్రెడ్నిసలోన్ 5కు దించిన మూడు వారాలకు 165! మళ్లీ 10కి పెంచితే దిగింది. తర్వాత నెమ్మదిగా 7.5కే తగ్గించినా అదే వరస. మందు ఒక్క పూటా తప్పలేదు. పసరు వేయించమని చెప్పేవాళ్లకు ఊళ్లో కొదవ లేదు కానీ, ఆ జోలికి పోలేదు.

వచ్చే వారం డాక్టరు గారితో మాట్లాడాలి. మీ పిల్లలకు ఇలాగే జరిగినప్పుడు అజాథయోప్రిన్ మోతాదు పెంచారా, మైకోఫెనొలేట్ అనే అలాంటి మరో మందుకు మార్చారా?