240 వాట్ల ఆఫీసు సిస్టమ్‌లో ఏ గ్రాఫిక్స్ కార్డు పెట్టొచ్చు? బడ్జెట్ 8 వేలు

షట్టర్_దించాక

నమస్తే అందరికీ. మాది జంగారెడ్డిగూడెం. జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతాను. పొద్దున తొమ్మిదికి షట్టరెత్తితే రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆధార్ జిరాక్సులు, హాల్ టికెట్లు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. షట్టర్ సగం దించాక ఒక గంట మాత్రం నాది. ఆ గంటలో జీటీఏ 5 ఆడాలని ఎప్పటి నుంచో కోరిక. ఇప్పటిదాకా ఈఏ క్రికెట్ 07తోనే సరిపెట్టుకుంటున్నా. ప్యాచ్‌లు వేసీ వేసీ అందులో ఎవరు ఏ టీములో ఉన్నారో నాకే గుర్తులేదు.

సిస్టమ్: డెల్ ఆప్టిప్లెక్స్ 3050, టవర్ క్యాబినెట్, స్లిమ్‌ది కాదు. ఐ5-6500, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. ఏదో ఆఫీసు వాళ్లు తీసేసిన లాటులోది, మా బావమరిది సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ నుంచి తెచ్చిపెట్టాడు. మూత తీసి చూస్తే ఎస్‌ఎంపీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) స్టిక్కర్ మీద 240 వాట్లని ఉంది. కార్డుకి పెట్టే 6 పిన్ వైరు అందులో లేదు. హార్డ్ డిస్క్‌కి, డీవీడీకి పోయే సాటా వైర్లే ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో ఒకచోట జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ, "కొత్తది" అని 3,400కి కనిపించింది. ఫొటోలో హెచ్‌డీఎంఐ, డీవీఐతో పాటు వీజీఏ పోర్టు కూడా ఉంది. నా మానిటర్ పాత 19 అంగుళాలది, దానికి ఉన్నది వీజీఏ ఒక్కటే. నా కోసమే చేసినట్టుందని కార్ట్‌లో వేసేశా. కానీ ఆ రేటు చూస్తేనే కొంచెం టెన్షన్‌గా ఉంది.

మా ఊళ్లో సిస్టమ్స్ బాగుచేసే అబ్బాయి ఇంకో మాట అంటున్నాడు. పెద్ద కార్డే తీసుకోమని, సాటా వైరుని 6 పిన్‌గా మార్చే కన్వర్టర్ 150 రూపాయలకి దొరుకుతుందని.

ఇంకోటి. మాకు సాయంత్రాలు కరెంటు పోతుంటుంది. షాపులో 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోగానే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది గానీ సిస్టమ్ మాత్రం టక్కున ఆరిపోయి మళ్లీ మొదట్నుంచి ఆన్ అవుతుంది. కార్డు పెడితే ఇది ఇంకా ముదురుతుందా?

---

స్క్రూడ్రైవర్_బెజవాడ

తమ్ముడూ, ముందు ఆ కార్ట్ ఖాళీ చెయ్.

నువ్వు ముచ్చటపడ్డ వీజీఏ పోర్టే ఆ కార్డు గుట్టు బయటపెడుతోంది. 1050 టీఐ అంటే పాస్కల్ అనే తరం చిప్. దాన్ని చేసే ఎన్‌విడియా కంపెనీ పాస్కల్ నుంచి అనలాగ్ సిగ్నల్ తీసేసింది. వీజీఏకి కావాల్సిందే ఆ సిగ్నల్. పేరున్న కంపెనీల 1050 టీఐల్లో వీజీఏ ఉన్నదాన్ని నేనింతవరకు చూడలేదు. ఇలాంటి వాటిలో చాలావరకు 2010 నాటి జీటీఎస్ 450 లాంటి చిప్ పెట్టి, కార్డు లోపలి ప్రోగ్రామ్ (బయోస్)లో పేరు మార్చి అమ్ముతారు. విండోస్ కూడా అమాయకంగా 1050 టీఐ అనే చూపిస్తుంది. జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది తెరిస్తే పేరు పక్కనే ఫేక్ అని రాసి చూపిస్తుంది. నా దగ్గరికి ఇలాంటి కార్డులు మూడు వచ్చాయి. మూడింటికీ వీజీఏ ఉంది, మూడూ "కొత్తవే".

నిజమైన 1050 టీఐ దొరికినా నేనైతే ఇప్పుడు కొనను. పాస్కల్ కార్డులకు గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేశారు, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లే. దాని తర్వాతి తరం 1650కి ఇంకా ఇస్తున్నారు.

ఇక ఆ 150 రూపాయల కన్వర్టర్. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్ట్‌ల పిన్నులు మూడు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్. మొత్తం కలిపితే 54 వాట్లు. 6 పిన్ వైరు నుంచి కార్డు 75 వాట్ల దాకా లాగొచ్చు. మిగతా 21 వాట్లు ఎక్కడ తేలతాయో తెలుసా? ప్లాస్టిక్‌లో. మొన్న ఒక సిస్టమ్ తెరిస్తే ఆ కనెక్టర్ లడ్డూలా ముద్దకట్టి సాటా వైరుకి అతుక్కుపోయింది, కటింగ్ ప్లేయర్‌తో కోసి తీశాను. నీ షాపు నిండా కాగితాలేనాయె.

ఎస్‌ఎంపీఎస్ మార్చడమూ అంత తేలిక కాదు. నీ బోర్డుకి మామూలు 24 పిన్ కనెక్టర్ ఉండదు, డెల్ సొంతది ఉంటుంది. మధ్యలో కన్వర్టర్ కేబుల్ పెట్టాలి, మంచి ఎస్‌ఎంపీఎస్ కొనాలి, అక్కడికే నీ బడ్జెట్‌లో సగం అయిపోతుంది.

కాబట్టి వేరే వైరు అక్కర్లేకుండా స్లాట్ నుంచే కరెంటు తీసుకునే కార్డే చూసుకో. స్లాట్ ఇచ్చేది 75 వాట్ల వరకే, ఆ కార్డు అంతకు మించి లాగదు. లెక్క చూడు: ప్రాసెసర్ 65, కార్డు 75, బోర్డు, ర్యామ్, డిస్క్, ఫ్యాన్లకి ఒక 30 వేసుకో. 170. నీ 240లో హాయిగా సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1650, 4 జీబీ. నీ బడ్జెట్‌లో నా ఓటు దానికే. కానీ 1650 అన్నవన్నీ ఒకటి కాదు. ఫ్యాక్టరీలోనే స్పీడు పెంచిన కొన్ని మోడళ్లకి 6 పిన్ సాకెట్ ఉంటుంది. అమ్మేవాణ్ణి కార్డు పై అంచు ఫొటో అడుగు. ముందువైపు ఫ్యాన్ల ఫొటోలు వంద పంపినా లాభం లేదు.

---

కరీంనగర్_పోరడు

అన్న చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తీసెయ్యలేం. నేను చేసిన తప్పు కూడా చెప్తా, ఎవరికైనా పనికొస్తది.

నాదీ ఇలాంటి ఆఫీసు సిస్టమే, ఇంకా పాతది, 4వ జనరేషన్ ఐ5. "53 వాట్లే, చిన్న కార్డు, వైరు అక్కర్లేదు" అని చదివి ఆర్‌ఎక్స్ 6400 తీసుకున్న. కార్డు మంచిదే, నా బోర్డే దానికి సరిపోలే. ఆ కార్డుకి పీసీఐ లేన్లు, అంటే బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే దారులు, నాలుగే. కొత్త బోర్డుల్లో పీసీఐ వెర్షన్ 4.0 కాబట్టి ఆ నాలుగింటిలోనే సెకనుకు దాదాపు 8 జీబీ డేటా పోతది. నా బోర్డులో 3.0, అంటే సగం. దానికి తోడు మెమరీ 4 జీబీ. టెక్స్చర్లు (గేమ్‌లో గోడలు, రోడ్ల మీద కనిపించే బొమ్మలు) "హై" పెట్టి ఆ 4 జీబీ నిండేదాకా అంతా బాగుంటది. నిండినంక కారు మలుపు తిప్పితే బొమ్మ ఒక్క క్షణం ఆగి మళ్లీ కదుల్తది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మల లెక్క) మాత్రం బాగానే చూపిస్తది! అందుకే యూట్యూబ్ గ్రాఫులు చూసి మోసపోయిన.

ఇంకో సంగతి కొన్నాక తెలిసింది. 6400లో వీడియో ఎన్‌కోడర్, అంటే రికార్డింగ్ పని చూసుకునే భాగం, లేదు. గేమ్ రికార్డ్ చేద్దామంటే భారమంతా ప్రాసెసర్ మీద పడ్డది. తర్వాత ఎవరో చెప్తే సిస్టమ్ బయోస్ సెట్టింగుల్లో ప్రాసెసర్ లోపలి ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా ఆన్ చేసి దాంతో నడిపించుకున్న.

మీ ఐ5-6500 ప్రాసెసర్ కూడా 3.0నే అన్నా. 1650కైతే 16 లేన్లు ఉంటయి, ఈ బాధ లేదు.

---

షట్టర్_దించాక

అన్నా, కార్ట్ ఖాళీ చేసేశా. వీజీఏ సంగతి చదివాక ఆ ఫొటో మళ్లీ చూస్తే నవ్వొచ్చింది.

మధ్యలో ఏలూరు వెళ్లినప్పుడు ఒక షాపులో అడిగా. ఆర్‌టీఎక్స్ 3050 కొత్తది 17 వేలు చెప్పాడు, మూడేళ్ల వారంటీ. "బాబూ, తీసుకుంటే ఇక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఈఎంఐ పెడితే ఎలా ఉంటుందంటారు? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

---

ఫ్యూజ్_వైర్

ఇంట్లో చెప్పకుండా ఈఎంఐ వద్దండీ, అది 75 వాట్లతో ఆగదు.

3050 పేరుతో రెండు రకాలున్నాయి. 8 జీబీది 130 వాట్లు, దానికి వేరే వైరు కావాలి, మీకు పనికిరాదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీది 70 వాట్లు, స్లాట్ కరెంటు చాలు. పేరు ఒకటే గానీ చిప్‌లో కోర్లూ తక్కువే, మెమరీ దారీ ఇరుకే. అయినా వైరు లేకుండా నడిచే గేమింగ్ కార్డుల్లో మంచిదే. 1650లో లేని డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న బొమ్మను పెద్దది చేసి గేమ్ వేగం పెంచే పద్ధతి) ఇందులో ఉంది. షాపు మనిషి "3050" అని ఊరుకుంటే పెట్టె మీద 6 జీబీ అని ఉందో లేదో మీరే చూసుకోవాలి.

కానీ మీ ఐ5-6500కి కోర్లు నాలుగు, థ్రెడ్లూ నాలుగే. ఆ మానిటర్ 19 అంగుళాల వీజీఏది. మీరు ఆడాలంటున్నది 2015లో పీసీకి వచ్చిన గేమ్. 17 వేల కార్డు తెచ్చి అక్కడ కూర్చోబెడితే సగం సమయం ప్రాసెసర్ కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. రేపు సిస్టమ్ మార్చే ఆలోచన గట్టిగా ఉంటే అది వేరు.

ఎవరైనా ఇంటెల్ ఆర్క్ ఏ380 అంటే వినకండి. అది మంచి కార్డే, కానీ రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సౌకర్యం) లేని పాత బోర్డుల్లో బాగా వెనకబడుతుంది. మీది 6వ జనరేషన్, అలాంటి పాతదే.

ఇక మీ ఇన్వర్టర్ కథ. సిస్టమ్ రీస్టార్ట్ అవుతున్నది లోడు వల్ల కాదు. చాలా ఇన్వర్టర్లకి వెనకాల యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నింటికి ముందు ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారేలోపు ఎస్‌ఎంపీఎస్ ప్రాణం పోతుంది. ఫ్యాన్‌కి ఆ తేడా తెలియదు. యూపీఎస్ వైపు పెట్టి చూడండి. ఒక చిక్కు ఉంది: ఆ మోడ్‌లో లో వోల్టేజీని ఓర్చుకోదు, సాయంత్రం వోల్టేజీ పడిపోతే కరెంటున్నా బ్యాటరీకి వెళ్లిపోతుంది. బ్యాటరీ నీళ్లు చూసుకుంటూ ఉండండి. 170 వాట్ల సిస్టమ్, మానిటర్, ఒక ఫ్యాన్, ఒక లైటు మంచి బ్యాటరీకి పెద్ద బరువేమీ కాదు. లేజర్ ప్రింటర్ మాత్రం ఆ లైన్ మీద పెట్టకండి.

---

షట్టర్_దించాక

మూడు వారాలైంది, సంగతి చెప్పి వెళ్దామని వచ్చా.

1650 తీసుకున్నా, సెకండ్ హ్యాండ్, 6,500. రాజమండ్రిలో ఒక స్టూడెంట్ దగ్గర. పై అంచు ఫొటో అడిగితే, "ఎందుకన్నా?" అంటూనే పంపాడు. నున్నగా ఉంది, సాకెట్ లేదు. బస్సులో వెళ్లి వాళ్ల సిస్టమ్‌లోనే జీపీయూ-జడ్ తెరిపించా, కార్డుని పూర్తి బరువు మీద పరీక్షించే ఫర్‌మార్క్ పావుగంట తిప్పించా. టీ ఇచ్చారు. వాళ్లమ్మగారు మాత్రం ఆ తిరిగే ఉంగరం బొమ్మ చూసి "ఇదేం గేమ్ బాబూ, పావుగంట నుంచి ఒకటే తిరుగుతోంది" అన్నారు.

బిగించేటప్పుడు చిన్న తిప్పలు. కార్డు రెండు స్లాట్ల మందం, వెనక రేకులు రెండు తీయాలి. నేను ఒకటే తీసి పది నిమిషాలు నొక్కుతూ కూర్చున్నా. స్లాట్‌లో జిరాక్స్ టోనర్ పొడి పేరుకుపోయి ఉంది, బ్రష్‌తో దులిపాక టక్‌మని కూర్చుంది.

హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ 350. జీటీఏ 5 చాలావరకు "హై"లో 60కి తగ్గకుండా ఆడుతోంది, ఊరి మధ్యలో బాగా ట్రాఫిక్ ఉంటే 50కి దిగుతుంది, అది ప్రాసెసర్ పనే అనుకుంటా. గడ్డి సెట్టింగ్ ఒక్కటి తగ్గించా.

ఇన్వర్టర్ స్విచ్ నిజంగానే వెనకాల, గోడకి ఆనుకుని ఉంది. నాలుగేళ్లుగా నార్మల్ మీదే ఉన్నట్టుంది. మొన్న గురువారం రాత్రి పోలీసులు వెంటపడుతుండగా కరెంటు పోయింది. లైటు ఒక్కసారి మిణుకుమంది, కారు మాత్రం ఆగలేదు. వోల్టేజీ తగ్గితే బ్యాటరీకి పోవడం కూడా ఫ్యూజ్_వైర్ గారు చెప్పినట్టే జరుగుతోంది, అందుకే ఆడనప్పుడు నార్మల్‌కి మార్చేస్తున్నా.

ఒక్కటే లోటు. ఆ కన్వర్టర్ నుంచి వచ్చే బొమ్మలో చిన్న అక్షరాలు కొంచెం మసకగా ఉన్నాయి. గేమ్‌లో తెలియట్లేదు గానీ పొద్దున అప్లికేషన్ ఫారాలు నింపేటప్పుడు కళ్లు లాగుతున్నాయి. ప్రస్తుతానికి షాపు పనికి కేబుల్‌ని బోర్డు వీజీఏకి, రాత్రికి కార్డుకి మారుస్తున్నా. సెకండ్ హ్యాండ్ మానిటర్ ఒకటి చూడాలి, అది వేరే థ్రెడ్‌లో అడుగుతా.