బండి మనది కాదు, చలాన్ మాత్రం మనకే: కట్టాల్నా, కొట్లాడాల్నా?

ప్రశ్న, హనుమకొండ నుంచి:
అన్నలకు నమస్తే. మాది టీఎస్ 03 నంబరు స్కూటీ. సైబరాబాద్ యూనిట్ పేరుమీద సిగ్నల్ జంప్ చలాన్ పడ్డది. ఫొటోల ఉన్నదేమో నల్ల మోటార్ సైకిల్. కట్టేసి ఊకోవాల్నా, ఏమన్నా దారి ఉందా? ఇంకోటి, మాల్‌లో కారు పార్కింగ్ టోకెన్ పోతే రోజంతటి చార్జి అడుగుతున్నరు. గేటు కాడ కెమెరా ఉండనే ఉంది కదా, అట్ల అడగొచ్చా?

జవాబు, కాజీపేట నుంచి:
ముందైతే పైసలు కట్టకండి సార్. కట్టిన్రంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద రాజీ పడ్డట్టే. తర్వాత ‘నా బండి కాదు’ అంటే వినేటోళ్లు ఉండరు.

చలాన్ సైట్లో బండి నంబరు కొట్టి, వచ్చిన పట్టిక మొత్తం స్క్రీన్‌షాట్ తీయండి. యూనిట్ పేరు, ఈ-చలాన్ నంబరు, తేదీ, టైము, స్థలం, పీఎస్ లిమిట్స్ అన్నీ కనబడాలె. పక్కన 35 రూపాయలు యూజర్ చార్జీ. అది ఇంకో తప్పుకు వేసిన జరిమానా కాదు, గాబరా పడకండి. యూనిట్ సైబరాబాద్ అని ఉంది కాబట్టి దరఖాస్తు ఆ కమిషనరేట్ ట్రాఫిక్ ఈ-చలాన్ విభాగానికే పోవాలె. వరంగల్ ట్రాఫిక్ స్టేషన్ల చుట్టూ తిరిగితే చెప్పులే అరుగుతయి.

తర్వాత ఫొటోను వేరుగా దించుకొని పెద్దగ చేసి చూడండి. పాత ప్లేట్ల మీద బోల్టు సరిగ్గా 3 అంకె ఖాళీ ఉన్న ఎడమ దిక్కు పడితే కెమెరాకు అది 8 లెక్క కనబడుతది. బురద మరక పడితే 1 కాస్తా 7 అయితది. జిల్లా కోడ్ కూడా చూడాలె. మన వరంగల్‌కు ముందు ఏపీ 36, రాష్ట్రం వచ్చినంక టీఎస్ 03, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 03. ఏపీ 03 అంటే చిత్తూరు జిల్లా. అదే సిరీస్, అవే నాలుగంకెలతో అక్కడ ఇంకో బండి ఉండొచ్చు. చలాన్ కొట్టేటప్పుడు ఏపీకి బదులు టీఎస్ పడితే మీ నెత్తిన పడ్డట్టే. ఫొటోల ఏ అక్షరం తేడా ఉందో గుండ్రంగ గీసి చూపెట్టిన్రంటే సగం పని అయినట్టే. ‘నేను ఆ రోజు అక్కడ లేను’ అని రెండు పేజీలు రాసేదానికంటే ఆ ఒక్క గీత నయం.

దరఖాస్తు అర పేజీ దాటొద్దు. చలాన్ నంబరు, ఫొటోల బండికి మీ బండికి ఉన్న తేడాలు, రద్దు చేయాలనే విన్నపం. అంతే. జతగా ఆర్సీ, ఇన్సూరెన్స్ కాపీలు, మీ స్కూటీ ముందు, వెనక, రెండు పక్కల ఫొటోలు పెట్టండి. ఆర్సీలో బండి రకం, రంగు, కంపెనీ రాసి ఉంటయి, అవే మీకు గట్టి సాక్ష్యం. చేతికి ఇస్తే ఇంకో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఈమెయిల్ అయితే పంపింది దాచుకోండి.

జవాబు, జనగామ నుంచి:
పైన చెప్పింది నంబరు తప్పు చదివినప్పుడు. ఫొటోల నంబరు అచ్చం మీదే ఉండి బండి మాత్రం వేరేది అయితే కథ మారుతది తమ్మీ. అది ఎవరో మీ నంబరు పెట్టుకొని తిరుగుతున్నట్టు. అప్పుడు చలాన్ రద్దుతో ఆగొద్దు. మీ పోలీస్ స్టేషన్‌ల రాతపూర్వకంగ ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలె. రేపు ఆ బండి యాక్సిడెంట్ చేసినా, దొంగతనంలో దొరికినా ముందు మీ ఇంటికే వస్తరు.

హై సెక్యూరిటీ ప్లేట్ ఉంటే దాని కింద ఎడమ మూలకు లేజర్‌తో చెక్కిన చిన్న కోడ్ ఉంటది. దగ్గర నుంచి ఫొటో తీసి జత చేయండి. 2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకు ఆ ప్లేట్ షోరూం నుంచే వస్తది. ఆ రోజు మీ బండి ఇక్కడనే ఉన్నదని చూపే సీసీ ఫుటేజీ ఎక్కడన్నా ఉంటే ఇవాళే అడగండి. పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతనే ఉంటది, నెల ఆగితే దొరుకుడు కష్టం.

ఫొటోల ఉన్నది నిజంగ మీరు అమ్మిన పాత బండే అయితే ఈ వాదన నడవదు. పేరు మార్పించకపోతే ఆర్సీల ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్. సుప్రీంకోర్టు కూడా 2018లో ఓ ప్రమాదం కేసుల అదే చెప్పింది. పేరు మార్పు కోసం ఫారం 29, 30 దాఖలు చేసిన కాగితం ఉంటేనే మాట్లాడండి.

మళ్లీ ప్రశ్న, హనుమకొండ నుంచి:
వాళ్లు జవాబు ఇయ్యకపోతే? లోక్ అదాలత్‌కు పొమ్మంటున్నరు కొందరు.

జవాబు, కాజీపేట నుంచి:
లోక్ అదాలత్ అంటే తప్పు ఒప్పుకొని తక్కువల తెంపుకునే చోటు. మీ బండే కానప్పుడు అక్కడికెందుకు? రాయితీ వస్తదని ఆగుడు కూడా అంతే. 2023 డిసెంబర్‌ల టూ వీలర్లకు 80 శాతం తగ్గించిన్రు, నిజమే. కానీ తప్పుడు చలాన్ మీద 20 శాతం కట్టినా కట్టినట్టే కదా.

జవాబు రాకపోతే రెండో దరఖాస్తుల కేంద్ర మోటారు వాహనాల రూల్ 167ఏ పేరు ఎత్తండి. 2021 ఆగస్టుల వచ్చింది. కెమెరాతో వేసే చలాన్‌కు నోటీసు ఘటన జరిగిన 15 రోజుల్ల పంపాలె. అందుల తప్పును, నంబరు ప్లేటును చూపే ఫొటో, తేదీ, టైము, స్థలం, ఏ సెక్షన్ ఉల్లంఘించిన్రో ఉండాలె, ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ కూడా. ఏది లేదో అది అడగండి. ‘రద్దు చేయకపోతే కోర్టుకు పంపండి, అక్కడనే చెప్పుకుంట’ అని చివరల ఒక వాక్యం రాయండి. ఆర్సీల ఫోన్ నంబరు పాతదైతే మెసేజ్‌లు అటే పోతయి, రవాణా శాఖల మార్పించుకోండి.

జవాబు, కరీంనగర్ నుంచి:
మాల్ ముచ్చటకు వస్త. జరిమానా వేసే అధికారం ప్రైవేటు పార్కింగ్‌కు లేదు, వాళ్లు వసూలు చేసేది ఫీజు మాత్రమే. తెలంగాణ మున్సిపల్ శాఖ 2018 మార్చి జీవో 63 ప్రకారం మాల్, మల్టీప్లెక్స్‌లల్ల మొదటి అరగంట ఉచితం. అరగంట నుంచి గంట దాకా ఎంత చిన్న బిల్లు చూపినా ఉచితమే. గంట దాటితే పార్కింగ్ ఫీజు కంటే బిల్లు గానీ సినిమా టికెట్ గానీ ఎక్కువ ఉంటేనే ఉచితం. సింగిల్ స్క్రీన్ థియేటర్లకు 2021ల వేరే ఉత్తర్వు ఇచ్చిన్రు, అక్కడ ఇది చెప్తే నడవది.

టోకెన్ పోతే ఏం? కెమెరా గేటుల మీ నంబరు ఎన్ని గంటలకు లోపలికొచ్చిందో రికార్డు ఉంటది. ‘నంబరు కొట్టి టైము చూడండి’ అనండి, బిల్లు చూపెట్టండి. అయినా గుంజితే రసీదు అడిగి తీసుకోండి, రేట్ల బోర్డు ఫొటో తీయండి. రసీదు ఇయ్యమంటేనే చాలామంది దిగొస్తరు. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే రెండేండ్ల లోపల జిల్లా వినియోగదారుల కమిషన్‌ల కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు. మాల్ హైదరాబాద్‌ల ఉన్నా మీరుండే జిల్లాలనే వేసుకోవచ్చు. కేసుల ‘చట్టం పెట్టిన ధర కంటే ఎక్కువ వసూలు’ అని రాయండి. ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాస్తే అది స్టేట్ కమిషన్ పరిధి, మిమ్మల్ని తిప్పి పంపుతరు.

జవాబు, జనగామ నుంచి:
ఒకటి మరిచిన. వాట్సాప్‌ల ‘మీ చలాన్ చూడండి’ అని ఏపీకే (APK, ఫోన్‌ల యాప్ ఎక్కించేది) ఫైలు వస్తే ముట్టకండి, అది ఖాతా ఖాళీ చేసేది. పొరపాటున నొక్కి పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.